తనిఖీకి కులం లేదా? మైలార్‌దేవ్‌పల్లి రోడ్డు మీద ఒక విమర్శ

దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త వస్తుంటుంది. ఊరి పేరు మారుతుంది, అంకె మారుతుంది, వార్త మాత్రం మారదు. ఫలానా స్టేషన్ పరిధిలో పోలీసులు వాహన తనిఖీలు నిర్వహించారు, సరైన పత్రాలు లేని యిన్ని ద్విచక్ర వాహనాలను స్వాధీనం చేసుకున్నారు, అనుమానాస్పదంగా తిరుగుతున్న యింతమందిని అదుపులోకి తీసుకున్నారు. పక్కన ఫొటో. స్టేషన్ ఆవరణలో వరసగా నిలబెట్టిన మోటారుసైకిళ్లు, వాటి వెనక వరసగా నిలబడ్డ అధికారులు. హైదరాబాదుకు దక్షిణాన మైలార్‌దేవ్‌పల్లి, కాటేదాన్, శంషాబాద్ వైపు బతికేవాళ్లకు యిది తెలిసిన వార్తే, తెలిసిన ఫొటోనే.

యీ వార్తను మేం ఒక రచనగా తీసుకుని చదవదలుచుకున్నాం. కథనో కవితనో విమర్శకు పెట్టినట్టే దీన్నీ పెట్టాలి. ఎందుకంటే దళితుల గురించి, పేద ముస్లింల గురించి, బస్తీల గురించి యీ సమాజం రోజూ రాసుకుంటున్న రచనల్లో ఎక్కువమంది చదివేది యిదే. దీనికి రచయిత పేరుండదు, సమీక్ష వుండదు. అందుకే దీని బలం ఎక్కువ.

ముందు పేర్ల సంగతి చూద్దాం. వార్తలో పేర్లున్నది ఎవరికి? డీసీపీకి, ఏసీపీకి, ఇన్‌స్పెక్టరుకు. హోదాతో సహా వుంటాయి. బండ్లవాళ్లకు పేర్లుండవు, పనులుండవు. ఎక్కడ షిఫ్టు దిగి ఎక్కడికి పోతున్నారో వుండదు. వాళ్లంతా కలిసి ఒక అంకె. యిక ‘అనుమానాస్పదంగా’ అన్న మాట. అనుమానించినవాడెవడో ఆ మాటలో లేడు. అనుమానం పోలీసు బుర్రలోంచి పుట్టినా, వాక్యంలోకి వచ్చేసరికి అది బండి మీదున్నోని గుణం అయిపోతుంది. ‘స్వాధీనం’ అన్నది యింకో మాట. దొంగసొత్తును స్వాధీనం చేసుకుంటారు. రెండ్రోజుల తర్వాత ఆ బండ్లవాళ్లు ఆర్సీ తెచ్చి చూపించి, జరిమానా కట్టి, తమ బండి తాము తోలుకుపోతారు. ఆ సంగతి ఏ పత్రికా రాయదు. యిట్లా ఒక బస్తీ మొత్తం దొంగబండ్ల బస్తీ అన్న పేరు మోస్తది. ఆ పేరే రేపటి తనిఖీకి కారణమవుతది.

ఎవరి కోసం వేసిన రోడ్డు

మైలార్‌దేవ్‌పల్లి రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగర్ మండలంలో వుంది. ఒకదిక్కు ఆరాంఘర్ చౌరస్తా, యింకోదిక్కు చాంద్రాయణగుట్ట దారి, పక్కనే కాటేదాన్ పారిశ్రామికవాడ, బెంగుళూరు రోడ్డు పట్టుకుని కిందికి పోతే గగన్‌పహాడ్, శంషాబాద్. కాటేదాన్‌లో ప్లాస్టిక్, యినుము, నూనె, తినుబండారాల చిన్న చిన్న కార్ఖానాలు. అక్కడ పనిచేసేది పాలమూరు పల్లెల నించి వచ్చిన మాదిగ, మాల, వెనకబడిన కులాల వాళ్లు, బీహారు, ఒడిశాల నించి వచ్చిన కూలీలు, పాతబస్తీ అంచున గది దొరికిన పేద ముస్లింలు. ఆరాంఘర్ అవతలే శివరాంపల్లిలో సర్దార్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ వుంది. 1975లో మౌంట్ అబూ నించి యిక్కడికి మార్చారు. దేశమంతటికీ ఐపీఎస్ అధికారులు తయారయ్యేది యీ చుట్టుపక్కలనే. పోలీసు పాఠం, పోలీసు తనిఖీ రెండూ ఒకే రోడ్డు మీద వున్నాయన్నమాట.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దానికోసం తీసుకున్న భూమి సుమారు 5,500 ఎకరాలు. దానికి నగరం నించి వేగంగా పోవడానికి 2009 అక్టోబరులో మెహదీపట్నం - ఆరాంఘర్ పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరిచారు. పొడవు 11.6 కిలోమీటర్లు. దాని మీదికి బైకులకు ప్రవేశం లేదు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేశారు. దాని ప్రధాన రోడ్డు మీదా బైకులకు ప్రవేశం లేదు. ప్రమాదాలు జరుగుతాయని చెప్తారు. కావచ్చు. కానీ ఫలితం చూడండి. చెక్క ముక్కంత భూమి ఆ రోడ్డు కింద పోగొట్టుకున్న కుటుంబంలోని పిల్లగాడు ఆ రోడ్డు మీద తన బండి తోలలేడు. విమానాశ్రయంలో ఊడ్చేవాళ్లు, సామాను మోసేవాళ్లు, కాంట్రాక్టు కాపలాదార్లు తెల్లవారుజాము షిఫ్టుకు పోవాలంటే కింది రోడ్డే దిక్కు. పైన కారు ఆగకుండా పోతుంది. కింద బైకులన్నీ ఒక్క సందులోకి వచ్చి పడతాయి. ఆ సందు చివర బారికేడు పెడతారు.

అందుకే ‘తనిఖీ అందరికీ ఒకటే’ అన్న మాటను మేం ఒప్పుకోలేకపోతున్నాం. బారికేడు దగ్గర నిలబడ్డ కానిస్టేబులు పక్షపాతం చూపకపోయినా, ఆ బారికేడు ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంలోనే పక్షపాతం వుంది. ఆపడానికి వీలైనవాళ్లను ముందే ఒక రోడ్డు మీదికి తోలి, ఆపడానికి వీల్లేనివాళ్లను యింకో రోడ్డు మీదికి ఎక్కించిన తర్వాత, కింద నిలబడి ‘మాకు అందరూ సమానమే’ అనడంలో అర్థం లేదు.

బండి అంటే మనకేంది

తెలంగాణ పల్లెల్లో గడీ ముందు నించి పోయే మాలమాదిగలు సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాల్సిన రోజులు మన తాతల జ్ఞాపకంలో యింకా వున్నాయి. చెప్పులు చేతబట్టుకోవాలి, తువ్వాల నడుముకు చుట్టాలి, సైకిల్ దిగాలి. యివాళ్టికీ దేశంలో చాలాచోట్ల దళిత పెళ్లికొడుకు గుర్రమెక్కితే రాళ్లు పడుతున్నాయి. వాహనమెక్కిన దళితుణ్ణి చూసి ఓర్వలేనితనం కులానికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

అంబేద్కర్ తన జీవితంలోని అవమానాలను రాసుకున్న చిన్న పుస్తకం ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రోడ్డూ బండీ మళ్లీ మళ్లీ వస్తాయి. 1929లో చాలీస్‌గావ్‌లో ఆయన్ను ఎక్కించుకుని నడపడానికి టాంగావాలా ఒప్పుకోలేదు. టాంగా అద్దెకిచ్చాడు గానీ తను నడపనన్నాడు. నడపడం రాని మనిషి పగ్గాలు పట్టాల్సి వచ్చింది. కల్వర్టు మీద టాంగా తిరగబడి అంబేద్కర్ కాలు విరిగింది. యీ సంఘటనను కేవలం అవమానంగా చదివితే సగమే చదివినట్టు. అది రోడ్డు ప్రమాదం కూడా. ప్రమాదానికి కారణం అజాగ్రత్త అని పోలీసు రికార్డు రాస్తుంది. అసలు కారణం కులం. రోడ్డు భద్రతకూ కులానికీ సంబంధమేంటని అడిగేవాళ్లకు మేం మొదట చూపించేది యిదే.

మోటారుసైకిల్ మన తరంలో చాలామందికి ఊరి వెట్టి నించి బయటపడ్డ సాధనం. దొర దగ్గర పని లేకుంటే నలభై కిలోమీటర్ల అవతల పని వెతుక్కునే ధైర్యం అది యిచ్చింది. మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, పెయింటర్, సామాను డెలివరీ చేసే కుర్రాడు, అందరికీ బండి అంటే పనిముట్టు. దాని వెనక ఒక ఫైనాన్సు కిస్తీ వుంటుంది, కిస్తీ వెనక యింటి ఆడవాళ్ల పొదుపు సంఘం అప్పు వుంటుంది. రోడ్డు మీద ఆ బండి గుంజుకుంటే యింట్లో ఎవరి నోటి కూడు ఆగుతుందో ఫొటోలో కనపడదు.

‘సరైన పత్రాలు’ ఎందుకుండవో కూడా చెప్పుకోవాలి. కొత్త బండి కొనే తాహతు లేనివాడు మూడో చేతి బండి కొంటాడు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవాడు 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. అమ్మినవాడు డబ్బు లెక్కపెట్టుకుని పోతాడు, కొన్నవాని జేబులో పరాయివాని పేరున్న ఆర్సీ మిగుల్తది. తప్పు మొదలైంది ఒకచోట, దొరికేవాడు యింకొకడు. లైసెన్సుకు పోతే స్లాట్ బుక్ చేయాలి, కంప్యూటర్ ముందు పరీక్ష రాయాలి, లేదంటే బ్రోకరు చేతిలో పెట్టాలి. ఆటో, ట్రాలీ వంటి రవాణా వాహనాలకైతే 2019 దాకా ఎనిమిదో తరగతి పాసైతేనే లైసెన్సన్న నియమం వుండేది. బడి నించి మనల్ని వెళ్లగొట్టిన వ్యవస్థే రోడ్డు మీద నిలబడి బడి సర్టిఫికెట్ అడిగిందన్నమాట. 2020 అక్టోబరు వరదల్లో గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగింది, మైలార్‌దేవ్‌పల్లి పక్కన అలీనగర్‌లో ఒకే కుటుంబంలోని వాళ్లు కొట్టుకుపోయారు. మనుషులే కొట్టుకుపోయిన చోట ఎవరి ట్రంకుపెట్టెలోని కాగితాలు మిగులుతాయి?

కాగితం అడిగే అలవాటుకు పాత చరిత్ర వుంది. 1871 నేరస్థ తెగల చట్టం కింద కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే అనుమానితులు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో వుంచిన ఎరుకల కుటుంబాల వాళ్లు హాజరు పలకాలి, సెటిల్‌మెంట్ దాటి పోవాలంటే పాసు చూపించాలి. 1952లో ఆ చట్టం పోయింది. అలవాటు చట్టాలంత తొందరగా పోదు. మనిషి ఏం చేశాడన్నది కాకుండా, ఎక్కడి నించి వస్తున్నాడు, ఎట్లా కనపడుతున్నాడు అన్నదాన్ని బట్టి ఆపడమే ఆ అలవాటు.

చట్టంలో ఒకటి, చౌరస్తాలో ఒకటి

చట్టం ఏం చెప్తుందో మన విద్యార్థులకూ కార్యకర్తలకూ నోటికి వచ్చి వుండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో వున్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలి. 2018లో నియమాలు సవరించాక ఫోన్‌లో చూపించే డిజిటల్ కాగితం కూడా చెల్లుతుంది. 206వ సెక్షన్ కింద కాగితాలు పట్టుకుంటే రసీదు యివ్వాలి. 207వ సెక్షన్ కింద బండి ఆపి వుంచుకోవాలంటే లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లాంటి ఫలానా ఉల్లంఘనలే కారణం కావాలి. పాత చలాన్లు బాకీ వున్నాయన్నది ఆ జాబితాలో లేదు. బండికున్న తాళంచెవి చటుక్కున గుంజుకునే అధికారం ఏ సెక్షన్‌లోనూ లేదు. తాగి నడిపిన కేసుల్లో కూడా, తాగని మనిషి వచ్చి బండి తీసుకుపోతానంటే యివ్వాలని, బండ్లు పట్టుకుని వుంచుకోవద్దని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో చెప్పింది.

చౌరస్తాలో జరిగేది వేరు. ముందు చెయ్యి తాళంచెవి మీద పడుతుంది. తర్వాత మాట. ‘ఏయ్, పక్కకు పెట్టు’, ‘ఏందిరా, ఎక్కడికి పోతున్నవ్’. కారు అద్దం దిగితే అదే నోరు ‘సార్, లైసెన్స్ ప్లీజ్’ అంటుంది. యీ ‘రా’కూ ‘సార్’కూ మధ్య వున్న దూరాన్ని ఏ సెక్షన్ కొలవదు. తెలుగులో సంబోధన కులం చెప్పకుండానే కులాన్ని చెప్పేస్తుంది. ఊరిలో దొర అన్న ‘ఒరేయ్’ చౌరస్తాలో చొక్కా మార్చుకుని నిలబడింది. ఆ మాట పడినవాడు యింటికి పోయి చలాను సంగతి చెప్తాడు గానీ మాట సంగతి చెప్పడు.

అక్కడితో ఆగితే యీ వ్యాసం రాసే అవసరం వుండేది కాదు. 2020 జులైలో ప్రకాశం జిల్లా చీరాలలో మోటారుసైకిల్ మీద పోతున్న ఒక దళిత యువకుణ్ణీ అతని స్నేహితుణ్ణీ మాస్కు లేదని పోలీసులు ఆపారు. తలకు దెబ్బలతో ఆ యువకుడు కొద్దిరోజుల్లోనే ఆస్పత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని కుటుంబం చెప్పింది. జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు. మాస్కు లేకపోవడానికి చట్టంలో వున్నది జరిమానా. అదే నెలలో తూర్పుగోదావరి జిల్లా సీతానగరంలో ఇసుక లారీ ఒక మోటారుసైకిలిస్టును గుద్దితే, లారీలను ఆపి నిలదీసిన దళిత యువకుడికి పోలీసుస్టేషన్‌లోనే గుండు గీశారు. ఎస్సైని సస్పెండ్ చేసి అరెస్టు చేయాల్సి వచ్చింది. 2018 మార్చిలో తమిళనాడు తిరుచిరాపల్లి దగ్గర హెల్మెట్ తనిఖీలో ఆగలేదని ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ వెంటపడి బండిని తన్నితే వెనక కూర్చున్న మహిళ పడి చనిపోయింది. హెల్మెట్ పెట్టుకునేది ప్రాణం కాపాడుకోవడానికి. ఆ హెల్మెట్ పేరుమీదే ప్రాణం తీశారు.

సీతానగరం సంగతిని యింకొంచెం ఆగి చూడాలి. అక్కడ రోడ్డు మీద చట్టం అడిగింది దళితుడు. లారీని ఆపి తనిఖీ చేసే పని తను చేశాడు. ఆపే హక్కు ఎవరిది, ఆగే ధర్మం ఎవరిది అన్న పాత నియమాన్ని అతను తిరగేశాడు. గుండు గీసింది అందుకే. ఊళ్లల్లో గుండు గీసి గాడిద మీద తిప్పే పాత శిక్షే స్టేషన్ గదిలోకి వచ్చింది.

హైదరాబాద్ నగరంలో తనిఖీ బండిని దాటి ఒంటి మీదికీ జేబులోకీ వచ్చింది. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని, ఫొటో తీసుకున్నారు. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాల వాడకాన్ని ప్రశ్నిస్తూ ఆయన వేసిన పిల్ మీద 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు యిచ్చింది. 2021 అక్టోబరులో బండ్లు ఆపి, ఫోన్లు తెరిపించి, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట వెతుకుతున్న పోలీసుల వీడియోలు బయటికి వచ్చాయి. బంజారాహిల్స్‌లో కారు ఆపి ఫోన్ తెరవమన్న వీడియో మాకు ఎక్కడా కనపడలేదు.

కెమెరాకు కులం లేదంటారు

యీ మాట మేధావులు కూడా అంటున్నారు. మనిషి ఆపితే పక్షపాతం వుండొచ్చు, కెమెరా అయితే నంబర్ ప్లేటునే చూస్తది కదా అని. నిజంగా అంతేనా?

మొదటిది, చాలా చలాన్లకు ఫొటో తీసేది స్తంభం మీది యంత్రం కాదు. రోడ్డు పక్కన చేతిలో కెమెరా పట్టుకున్న పోలీసు. ఎవరిని తీయాలో ఆ చెయ్యే ఎంచుతుంది. రెండోది, బైకు మీద మనిషి మొత్తం కనపడతాడు. తల, చొక్కా, వెనక కూర్చున్న భార్య, ముందు ట్యాంకు మీద కూర్చున్న పిల్ల, అన్నీ కనపడతాయి. తప్పు ఆరుబయట వుంటుంది. కారులో తప్పు అద్దం వెనక వుంటుంది. అద్దాలకు నల్ల ఫిల్ములు వేయొద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. నగరంలో ఎన్ని కార్లకు తీసేశారో రోడ్డు మీద నిలబడ్డ ఎవరికైనా తెలుసు. మూడోది, పట్టుకున్నాక ఎంచే యంత్రం గురించి. 2023 ఫిబ్రవరిలో మెదక్‌లో గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరా బొమ్మలో పోలికలున్నాయని పట్టుకుపోయిన ఒక పేద ముస్లిం కూలీ, పోలీసులు కొట్టారని చెప్పి చనిపోయాడు. కెమెరాకు కులమతాలు లేవనుకున్నా దాని బొమ్మను చూసే కన్నుకు వున్నాయి.

చలాను డబ్బు సంగతి చూద్దాం. 2019 సవరణలో కేంద్రం హెల్మెట్ జరిమానాను వంద నించి వెయ్యికి, లైసెన్సు లేని జరిమానాను 500 నించి 5,000కు పెంచింది. తెలంగాణ వెంటనే అమలుచేయలేదు. అయినా ప్రతి ఈ-చలాను మీద 35 రూపాయల యూజర్ ఛార్జీ కలుస్తుంది. తప్పు చేసినందుకు జరిమానా, జరిమానా వేసినందుకు సేవా రుసుము. వందలు పేరుకుని వేలయ్యాక ప్రభుత్వం తగ్గింపు ప్రకటిస్తుంది. 2022 మార్చిలో బైకులకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో మళ్లీ బైకులకు, ఆటోలకు 80 శాతం, తోపుడుబండ్లకు, ఆర్టీసీ బస్సులకు 90 శాతం తగ్గించారు. తోపుడుబండికి చలాను! అరటిపండ్లు అమ్ముకునేవాని మీద రాసిన చలాన్లు తగ్గింపు పథకంలో ఒక ప్రత్యేక వర్గం కావాల్సినంతగా పేరుకున్నాయంటే, యీ వ్యవస్థ చూపు ఎటుందో వేరే చెప్పాలా?

నూటికి 80 వదులుకుంటానని ప్రభుత్వమే అన్నప్పుడు, ఆ మొత్తం కట్టలేనివాళ్ల మీద రాసిందని తనే ఒప్పుకున్నట్టు. భద్రత కోసమే వేసిన శిక్ష అయితే పండగ సేలు పెట్టరు. ఫిన్లాండ్‌లో వేగంగా నడిపితే జరిమానా ఆదాయాన్ని బట్టి వుంటుంది. కోటీశ్వరుడికి లక్షల్లో పడుతుంది. మన దగ్గర వెయ్యి రూపాయలంటే కాటేదాన్ కూలీకి ఒకటి రెండు రోజుల కూలి, కారువానికి ఒక పూట హోటలు బిల్లు. శిక్ష సమానంగా వుందన్న పేరుతో బాధ ఒకవైపే పెట్టారు.

మద్యం సంగతీ అంతే. రాష్ట్రంలో మద్యం టోకున అమ్మేది సర్కారు కార్పొరేషనే. వైన్ షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు నడిచినన్నాళ్లూ లైసెన్సు యిచ్చిందీ సర్కారే. తాగి బయటికొచ్చినవాని నోట్లో గొట్టం పెట్టిందీ సర్కారే. తాగి నడపడాన్ని మేం సమర్థించడం లేదు. రెండు చేతులతో సంపాదించే సర్కారు ఒక చేతిని భద్రత అని పిలవడాన్ని ప్రశ్నిస్తున్నాం.

ప్రాణాల సంగతి

మా మాటలకు ఎదురు ప్రశ్న వుంది, అది న్యాయమైనదే. హెల్మెట్ ప్రాణం కాపాడుతుంది కదా? తనిఖీ లేకుంటే ఎవరు పెట్టుకుంటారు?

కాపాడుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు మీద చనిపోయారు. అందులో 44.5 శాతం బైకుల మీద వాళ్లు. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50 వేల పైనే. చనిపోతున్నది మనవాళ్లే. అందుకే హెల్మెట్ పెట్టుకోమని ప్రతి బస్తీ మీటింగులోనూ చెప్పాలి. దళిత సంఘాలు యీ మాట పోలీసులకు వదిలేయకూడదు.

అయితే ప్రాణమే లెక్కయితే ప్రశ్నలు యింకా వున్నాయి. బైకును పెద్ద రోడ్డు మీద నించి దించి, లారీలూ కంటెయినర్లూ పోయే కింది రోడ్డు మీదికి తోసినప్పుడు బైకు కోసం వేరే లేను ఎందుకు వేయలేదు? కార్ఖానాల గేట్ల ముందు రాత్రిపూట దీపాలెందుకు లేవు? రాత్రి షిఫ్టు దిగేవేళకు బస్సు ఎందుకు లేదు? 2023 డిసెంబరు నించి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది, మంచిదే. బస్సే రాని వేళకు ఆ ఉచితం ఏం పనికొస్తుంది? ముగ్గురు ఒక బండి మీద ఎందుకు పోతున్నారని అడగాలంటే ముందు యివి అడగాలి. 128వ సెక్షన్ నడిపేవాని వెనక ఒక్కరినే కూర్చోమంటుంది. ఆ సెక్షన్ రాసినవాళ్ల యింట్లో ఒకే బండి మీద నలుగురు పోయే అవసరం ఎప్పుడూ రాలేదు.

యింకో ప్రశ్న కూడా వస్తుంది. బారికేడు దగ్గర నిలబడ్డ కానిస్టేబులూ హోంగార్డూ మన పిల్లలే కదా, వాళ్లకు కులం అంటగడతారా అని. నిజమే, వాళ్లలో చాలామంది మాల, మాదిగ, లంబాడ, బీసీ పిల్లలే. ఎండలో పొగలో పన్నెండు గంటలు నిలబడేది వాళ్లే. రోజుకు యిన్ని కేసులు రాయాలన్న ఒత్తిడి పైనుంచి వస్తే, పైనవున్న కారు జోలికి పోతే ఫోనొస్తుందన్న భయం వాళ్లకు అనుభవం నేర్పిన పాఠం. ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని 2024లో బండ్ల నంబర్ ప్లేట్ల మీద రాసుకున్నది ఏ ధైర్యంతో? ఎవరి తాలూకానో తెలిస్తే ఆపరన్న లోకజ్ఞానంతో. ఏ తాలూకా లేనివాడే ఆగుతాడు. కాబట్టి మా విమర్శ కానిస్టేబుల్ కులం మీద కాదు, అతని చేత ఎవరిని ఆపిస్తున్నారన్నదాని మీద. 2019లో కామన్‌కాజ్, లోక్‌నీతి - సీఎస్‌డీఎస్ కలిసి చేసిన పోలీసు వ్యవస్థ అధ్యయనంలో, ముస్లింలు సహజంగానే నేరాలవైపు మొగ్గుతారన్న అభిప్రాయం పోలీసుల్లో దాదాపు సగంమందిలో కనపడింది. అంత పెద్ద నమ్మకం యూనిఫాం వేసుకోగానే వచ్చేది కాదు, యూనిఫాం తీసేస్తే పోయేదీ కాదు. అది సంస్థ బుద్ధి.

లెక్క ఎవరు తీయాలి

యిక అసలు చిక్కు. ‘దళితులనే ఆపుతున్నారని రుజువేంటి?’ అని అడుగుతారు. రుజువు లేదు, ఎందుకంటే లెక్కే లేదు. తనిఖీలో ఆపి వదిలేసినవాడు ఏ కాగితంలోనూ వుండడు. చలాను రాసినవాని నంబరుంటుంది, కులముండదు. లెక్క తీయకుండా వుండడం, లెక్క లేదు కాబట్టి వివక్ష లేదనడం, యీ ఎత్తు మనకు కొత్త కాదు. కులాల జనగణన విషయంలో దశాబ్దాలపాటు చూసిందే.

బయట దేశాల్లో యీ చిక్కును ఎట్లా విప్పారో చూడాలి. ఇంగ్లండులో అనుమానం మీద ఆపే ‘సస్’ అధికారానికి 1824 నాటి చట్టం ఆధారం. నల్లజాతి యువకుల మీద దాన్ని వాడిన తీరుకు వ్యతిరేకంగా ఉద్యమం నడిచి 1981లో అది రద్దయింది. అదే యేడు బ్రిక్స్‌టన్ తగలబడింది. 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక లండన్ పోలీసు సంస్థలోనే జాతివివక్ష వుందని చెప్పింది. అక్కడ ఆపి సోదా చేస్తే రికార్డు రాయాలి, జాతి కూడా రాయాలి. న్యూయార్కులో ఆపి తడిమే పద్ధతి రాజ్యాంగ విరుద్ధంగా నడిచిందని 2013లో ఫెడరల్ కోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు నిలబడింది లక్షలాది తనిఖీ కాగితాల లెక్క మీద. ఆ కాగితాలు పోలీసులే రాసినవి.

మరి యిక్కడ పోలీసులను కులం రాయమందామా? చౌరస్తాలో నిలబెట్టి ‘నీ కులమేంది’ అని అడిగే అధికారం మనమే వాళ్ల చేతికిద్దామా? వద్దు. చర్మం రంగు చూస్తే తెలుస్తుంది, కులం అడిగితేనే తెలుస్తుంది. అడగడమే అవమానమయ్యే చోట బయట దేశాల మందు మనకు నేరుగా పనికిరాదు. యిక్కడి పద్ధతి యిక్కడే తయారు కావాలి.

మేం అనుకుంటున్న పద్ధతి యిది. పోలీసులు ప్రతి తనిఖీలో ఆపిన ప్రతి బండికీ ఒక చీటీ యివ్వాలి: చోటు, వేళ, వాహన రకం, ఆపిన కారణం, ఆపినవారి నంబరు, ఏం తేలింది. కులం అవసరం లేదు. చోటూ వేళా వాహనమూ తెలిస్తే చాలు, ఆ చోటు ఏ బస్తీ ముందుందో, ఆ వేళ ఏ కార్ఖానా షిఫ్టు దిగుతుందో మనమే పక్కన పెట్టి చదువుకోగలం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో యింటింటి కులసర్వే చేసింది, రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతమని చెప్పింది. బస్తీలవారీ లెక్క వాళ్ల దగ్గరుంది. తనిఖీలవారీ లెక్క బయటపెడితే రెండూ కలిపి చూడడం పెద్ద పని కాదు. పెట్టరంటే ఎందుకు పెట్టరో అడుగుదాం. తనిఖీ చోట్లు, ఆపిన వాహనాల రకాలు, చలాన్ల మొత్తం సమాచారహక్కు చట్టం కింద అడగదగ్గ సంగతులే.

అప్పటిదాకా ఆగనక్కరలేదు. యూనివర్సిటీలో ఎమ్మే చదివే పిల్లలు యిద్దరు ఆరాంఘర్ దగ్గర ఒక సాయంత్రం, గచ్చిబౌలి దగ్గర ఒక సాయంత్రం గంటసేపు నిలబడి, ఎన్ని కార్లు పోయాయి, ఎన్ని ఆపారు, ఎన్ని బైకులు పోయాయి, ఎన్ని ఆపారు అని గీతలు గీసుకుంటే అది పరిశోధన. పది చౌరస్తాల్లో పది నెలలు చేస్తే కోర్టు ముందు పెట్టదగ్గ పరిశోధన. బడిపంతుళ్లు తమ పిల్లలకు 130, 206, 207 సెక్షన్లు తెలుగులో ఒక పేజీ రాసిచ్చి చదివించొచ్చు. సంఘాలు బస్తీలో లైసెన్సు మేళా పెట్టొచ్చు, పాత బండ్ల ఆర్సీలు పేరు మార్పించొచ్చు. కాగితం లేదన్న సాకు వాళ్ల చేతిలోంచి తీసేసినరోజు, యింకా ఎందుకు ఆపుతున్నారన్న ప్రశ్న మిగులుతుంది. ఆ ప్రశ్నకు వాళ్లు జవాబు చెప్పాలి.

డిమాండ్లు కొన్నే. బాకీ చలాన్ల కోసం బండి పట్టుకోవద్దు, బాకీ వుంటే కోర్టు ద్వారా నోటీసు రావాలి. తాళంచెవి ముట్టుకోవద్దు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఫోన్ తెరిపించొద్దు. 2021లో తెచ్చిన 167ఏ నియమం చెప్పినట్టు కెమెరా పెట్టినచోట బోర్డు పెట్టాలి, పదిహేను రోజుల్లో నోటీసు అందాలి. జరిమానా ఆదాయాన్ని బట్టి వుండాలి. తనిఖీలో కులం పేరుతో దూషిస్తే అది పోలీసు నోరైనా ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించాలి. బైకుకు రోడ్డులో వాటా కావాలి.

చివరి డిమాండును చిన్నదనుకోవద్దు. గడీ ముందు సైకిల్ దిగమన్న కాలంలో మనవాళ్లు అడిగిందీ రోడ్డులో వాటానే. అప్పుడు దిగమన్నవాడు దొరని పేరు పెట్టి చెప్పగలిగేవాళ్లం. యిప్పుడు దిగమంటున్నది బోర్డూ, బారికేడూ, కెమెరా. పేరు లేని దొరతనాన్ని పేరుపెట్టి పిలవడమే విమర్శ పని. జిల్లా పేజీలో రేపు మళ్లీ ఆ వార్త వస్తుంది, ఆ ఫొటో వస్తుంది. అందులోని అంకె పక్కన మన లెక్క కూడా వుండాలి.